చిట్టెలుకల కాపురము

సోదరీమణులారా! ఇల్లు కట్టువా డొకడు, అద్దె కిచ్చువా డొకడు, వీథినుండి చూచి మెచ్చువా డొకడు. దానిలో దినమున కిరువది గంటలు మెలగువారము మాత్రము మనము. కాబట్టి ఇల్లు మంచిదో కాదో తేల్చవలసి వచ్చినపుడు చూచువారి మాటకంటె వసించువారి మాటకే విలువ యెక్కువ యుండవలెను. ఈ న్యాయము మనుష్యులకే కాదు, మన పంచ జేరిన నోరులేని ప్రాణులకును చెల్లును. నిజమునకు వానికే మఱింత చెల్లును. మన కిల్లు నచ్చకున్న కొంతసేపు పెరటిలో గూర్చుందుము, కొన్నాళ్లు పుట్టింటికైన పోవుదుము. వాని కట్టి దారి లేదు. మనము పెట్టిన పెట్టెయే వానికి భూమియు నాకాశమును. ఒక జత మఱుగుజ్జు హామ్‌స్టరులకు ఇల్లు కుదుర్చుపనిలో నాకు తెలిసివచ్చిన సంగతు లిందు వ్రాయుచున్నాను. ఈ చిన్నిప్రాణులు నేడు మహానగరములనుండి మనవంటి చిన్న యూళ్లకును వచ్చుచున్నవి. పిల్లలు కోరుదురు, తండ్రులు కొనిపెట్టుదురు, పోషణభారము తల్లులది. అందుచే ఇది తల్లులు చదువదగిన విషయమే యని తలంచుచున్నాను.

మాది కృష్ణాజిల్లా మెట్టసీమ. 2022లో ఎన్.టి.ఆర్. జిల్లా యేర్పడినపుడు జగ్గయ్యపేట, నందిగామ అందు చేరినవి గాని, పెద్దల నోట నేటికిని మాది కృష్ణాజిల్లాయే. మావారు ప్రభుత్వపాఠశాలలో ఉపాధ్యాయులు. మేము జగ్గయ్యపేటలో నున్న కాలమున, హైదరాబాదునందలి మా ఆడుబిడ్డగారి కుమారుడు పైచదువులకై విదేశమునకు బోవుచు, తాను పెంచుకొనుచున్న రెండు చిట్టెలుకలను మా అమ్మాయి చేతిలో బెట్టి పోయెను. అది ఫాల్గుణమాసము. ఒక్కొక్కటి నా బొటనవ్రేలికంటె కొంచెము పెద్దది. బూడిదవన్నె మేను, వెన్నున నల్లని చార, నల్లపూసలవంటి కన్నులు. తోక యున్నదో లేదో వెదకి చూడవలసినదే. రెండును మగవి, ఒక్క కానుపున బుట్టినవి.

వానితోగూడ వచ్చిన యిల్లు చూడ ముచ్చటైనది. సన్నని తీగెల పంజరము. నీలిరంగు ప్లాస్టికు అంతస్తు, గులాబిరంగు మెట్లు, పసుపుపచ్చని గొట్టములు. ఇరుగుపొరుగు పిల్లలందఱు వచ్చి చూచి, "రాజభవనంలా ఉంది" అనిరి. కాని దాని అడుగుభాగ మడుగున్నర పొడవు, అడుగు వెడల్పు మాత్రమే. లోపలి చక్రము నా అరచేతి పాటిది. దానిలో పరుగెత్తునపుడు వెన్ను విల్లువలె వెనుకకు వంగుచుండెను. ప్రొద్దుగ్రుంకిన మొదలు వేకువవఱకు ఆ రెండును తీగెలను పట్టుకొని కరకర కొఱుకుచుండెడివి. చూచినవారు "ఆడుకుంటున్నాయి" అనిరి. ఆ చప్పుడు వినుచు పండుకొన్న నాకు మాత్రము అది ఆటగా తోపలేదు. తలుపు తట్టు చప్పుడువలె నుండెను.

చిన్ననాడు మా తండ్రిగారు మాచే చదివించిన భారతమున లక్కయింటి కథ మీరెఱిగినదే. చూచువారి కది కన్నులపండువగు సౌధము; వసించువారికి మృత్యుగృహము. పాండవులను రక్షించినది దాని గోడలు గావు, విదురుడు పంపిన ఖనకుడు నేలలో త్రవ్విన సొరంగము. ఈ రంగురంగుల పంజరమును చూచినప్పుడెల్ల నాకాకథయే జ్ఞప్తికి వచ్చుచుండెను. ఈ ప్రాణులకును రక్షణ సొరంగముననే యున్నదని తరువాత చదివి తెలిసికొంటిని.

ఏ ప్రాణి కేయిల్లు తగునో తెలియవలెనన్న దాని పుట్టిల్లు తెలియవలెను. హామ్‌స్టరులలో పలుజాతులు గలవు. విరివిగా పెంచబడు పెద్దజాతి సిరియాదేశమునది. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ యను జంతుశాస్త్రజ్ఞుడు అలెప్పో నగరప్రాంతమున ఒక పొలమును త్రవ్వించి తల్లిని పిల్లలతోగూడ తీయించెను. నేడు ఇండ్లలో బెరుగు ఆ జాతిలో చాలభాగము ఆ సంతతియే. మఱుగుజ్జుల పుట్టిల్లు ఇంకను ఉత్తరమున నున్నది. శీతకాలమున తెల్లబడు సైబీరియాజాతిని 1773లో పల్లాస్ పండితుడు వర్ణించెను. కాంబెల్ అనునాతడు 1902లో మంగోలియాప్రాంతమున సేకరించిన జాతికి 1905లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ ఆతని పేరే పెట్టెను. మూడవది రోబొరోవ్‌స్కీజాతి, అన్నిటను చిన్నది, ఇసుకనేలల దిరుగునది. మా యింటికి వచ్చినవి కాంబెల్‌జాతివి. వీని దేశమున చెట్టుచేమలు తక్కువ, మైదానములు విశాలము. పగలు నేలలోపల, కొన్నియెడల మీటరు లోతున, గడ్డి పఱచిన గూటిలో నిద్రించును. చీకటిపడగానే బయలుదేరి గింజలు వెదకుచు ఎంతో దూరము తిరుగును. దొరకిన గింజలను బుగ్గసంచులలో నింపుకొని గూటికి దెచ్చి దాచుకొనును. నేలపైన మంచు కురిసినను ఎండ కాసినను బొఱియలోపలి వాతావరణము అంతగా మాఱదు.

ఈ సంగతి తెలిసిన తోడనే ఆ కరకర చప్పుడునకు అర్థము బోధపడెను. వానికి కావలసినది మేడమీద మేడ కాదు, మెట్లు కావు. త్రవ్వుకొనుటకు లోతైన నేల కావలెను. 2006లో స్విట్జర్లాండునందలి బెర్న్ విశ్వవిద్యాలయమువారు సిరియాజాతి హామ్‌స్టరులపై జేసిన పరిశోధన నొకదానిని ప్రకటించిరి. కొన్నిటికి 10 సెంటీమీటర్లు, కొన్నిటికి 40, మఱికొన్నిటికి 80 సెంటీమీటర్ల లోతున పఱుపు వేసి చూచిరి. పలుచని పఱుపు గలవి తీగెలను మిక్కిలి కొఱికినవి. లోతైన పఱుపు గలవి బొఱియలు త్రవ్వుకొని తీగెల జోలికి తక్కువగా బోయినవి. మావారు దీనిని చదివి వినిపించి, "నీకు ముందే తోచిన మాట వారు కొలిచి చెప్పారు" అని నవ్విరి.

ఇక ఇల్లు వెదకుట. మొదటి సలహా ఎదురింటి పిన్నిగారిది. వారి అటకమీద పాత చిలుకపంజర మున్నదట. రామచిలుకను పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేడు నిషిద్ధము గనుక ఆ పంజరము ఊరకే పడియున్నది. కాని చిలుకపంజరము తీగెల నడుమ వ్రేలు దూఱును. వ్రేలు దూఱినచోట మఱుగుజ్జు దూఱును. వీనికి తీగెల నడుమ సందు ఏడెనిమిది మిల్లీమీటర్లకు మించరాదు. పైగా పంజరము ఎత్తున కెదిగినది, వీనికి కావలసినది వెడల్పు. ఎగురు ప్రాణి యిల్లు త్రవ్వు ప్రాణికి పనికిరాదు. రెండవది చేపల గాజుతొట్టి. లోతుగా పఱుపు వేయవచ్చును, బయటికి చిమ్మదు, లోపలి చందము కనబడును. కాని బరువు, ఖరీదు; మా యెండలకు గాలి యాడని గాజు వేడెక్కును. మూడవది పెద్ద ప్లాస్టికు పెట్టె. మూతను కోసి సన్నని ఇనుపజాలి బిగించినయెడల స్వల్పవ్యయమున నగును. పేదయింటి కదియే మేలు. అయితే లోపల ఏ చిన్న అంచు దొరకినను కొఱికి కన్నము చేయును. వీని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక కొఱుకుట వానికి దురభ్యాసము కాదు, అవసరము.

ఇట్లు ఆలోచించుచుండగా నా పుట్టింటి భోషాణము కంటబడెను. మూడున్నర అడుగుల పొడవు, అడుగు ముప్పాతిక వెడల్పు, రెండడుగుల లోతు, క్రింద నాలుగు పొట్టి కాళ్లు. ఒకప్పుడు ధాన్యము, తరువాత ఇత్తడిసామాను, ఇప్పుడు పాతదుప్పట్లు దానిలో నుండెడివి. వడ్రంగిని బిలిచి మూత తీయించి, ఆ స్థానమున సన్నజాలి బిగించిన చట్రము పెట్టించితిని. ముందువైపు పలకలో ఒక జానెడెత్తు తొలగించి గాజుపలక నమర్చితిమి. లోపలి అంచులు కొఱుకుటకు దొరకకుండ రేకు కొట్టించితిని. అప్పుడు మా అత్తగారు వచ్చి నిలిచి, "మీ అమ్మ ఎలుకలు పడకుండా ధాన్యం దాచుకోమని ఇచ్చిన భోషాణంలో ఎలుకలకే కాపురం పెడతావటే!" అనిరి. అందఱము నవ్వితిమి. కాని మఱునాడు దాని కాళ్లక్రింద నీళ్లగిన్నెలు పెట్టవలెనని చెప్పినది వారే. పూర్వము పాలు, పెరుగు దాచు అలమారలకు చీమలు పట్టకుండ ఇట్లే చేయుచుండెడివారు. గింజలు దాచు ప్రాణి యున్నచోట చీమ రాక మానదు. ఎఱ్ఱచీమల దండు నిద్రించు చిట్టెలుకను చంపగలదు. ఏ విదేశగ్రంథమునను లేని యీ యుపాయము అత్తగారి యనుభవమున నున్నది.

పఱుపు విషయమున మిక్కిలి జాగ్రత్త కావలెను. మా మెట్టసీమ ప్రత్తికి పేరుపడినది గనుక, "మెత్తగా దూది వేయండి" అని చెప్పనివారు లేరు. దూది వేయరాదు. దాని పోగులు సన్నని కాళ్లకు జుట్టుకొని రక్తప్రసారము నాపును. మ్రింగినచో ప్రేగులలో జిక్కును. ఱంపపుపొట్టు దుమ్ముచేతను, దేవదారువంటి కఱ్ఱల ఘాటుచేతను ఊపిరితిత్తులకు చేటు. వడ్లఊక గ్రుచ్చుకొనును, దుమ్ము రేపును. నేను వ్రాతలేని తెల్లకాగితమును సన్నని తునకలుగా జింపి, ఎండిన మెత్తని పచ్చికతో గలిపి వేసితిని. గడ్డిపోచలు కలిసిన గాని సొరంగము నిలువదు. వట్టి కాగితము కూలిపోవును. భోషాణమున ఒకవైపు అడుగున్నర లోతున పఱుపు, రెండవవైపు పలుచగా. పలుచనివైపు చక్రము, నీళ్లు, ఇసుకగిన్నె. చక్రమునకు కమ్మీలుండరాదు, కాళ్లు చిక్కును. గట్టి పలకవలె నుండవలెను. అడ్డుకొలత 20 సెంటీమీటర్లకు తక్కువైన వెన్ను వంగును. ఇసుక వీనికి స్నానద్రవ్యము, నీళ్లలో ముంచరాదు. కృష్ణ యిసుకను జల్లించి, కడిగి, ఎండబెట్టి, మూకుటిలో వేయించి చల్లార్చి వాడితిని. ఆ గది మిరపకాయలు నిలువచేసిన గది కాకుండవలెనని మా ప్రాంతపు సోదరీమణులకు వేఱుగా జెప్పవలసిన పని లేదు.

క్రొత్తయింట దింపిన మొదటి రాత్రి రెండును గోడలవెంబడి చుట్టి చుట్టి తిరిగినవి. అర్ధరాత్రి దాటినపిమ్మట ఒకటి మూలను గీరుట మొదలిడెను. తెల్లవారి చూతుముగదా, పఱుపుపైన రెండు కన్నములు దక్క ఏమియు లేదు. అమ్మాయి కంట నీరు పెట్టుకొని, "అమ్మా, ఇక కనబడవా?" అనెను. నే నామెను గాజుపలకయొద్ద గూర్చుండబెట్టితిని. కొంతసేపటికి పలక కానుకొని త్రవ్విన సొరంగములో రెండు వెన్నులు ఒకదానినొకటి యానుకొని ఊపిరికి పైకి క్రిందికి కదలుచుండుట కనబడెను. ఆ రాత్రి మొదలు కరకర చప్పుడు లేదు. మనకు కనబడుటకంటె అవి హాయిగా నుండుట ముఖ్యమని ఆ బిడ్డ నేర్చుకొన్నది ఆనాడే.

శుభ్రత పేరిట వాని యిల్లు కూల్చుట మనవారిలో సాధారణము. పంచతంత్రమునందలి హిరణ్యకుని కథ జ్ఞప్తికి దెచ్చుకొనుడు. పరివ్రాజకుడు అతని బిలమును త్రవ్వి, చిరకాలముగా గూర్చుకొన్న నిధిని గొనిపోగా, ఆ మూషికరాజు సత్తువ యుడిగి ఎగురజాలకపోయెను. హామ్‌స్టరు విషయమున ఇది కేవలము నీతికథ కాదు. దాచిన గింజలన్నియు నూడ్చివేసి, పఱుపంతయు నొక్కమాఱు మార్చినచో దానికి తన వాసన దొరకదు, బెదరిపోవును. తడిసిన మూలను మాత్రము దినదినము తీయుడు. పఱుపు మార్చునపుడు మూడవవంతే మార్చి, పాతగూటి గడ్డి కొంత, దాచిన గింజలలో ఎండినవి కొన్ని అచటనే యుంచుడు. గింజలనిన కొఱ్ఱలు, సజ్జలు, జొన్నలు చాలును. కాంబెల్‌జాతికి మధుమేహము సులభముగా వచ్చును గనుక బెల్లము, తీయని పండ్లు ముద్దుకైనను పెట్టరాదు.

ఇంతవఱకు చెప్పినది ఏ యూరికైనను సరిపడును. మా యూరికి ప్రత్యేకమైన శత్రువు ఎండ. జగ్గయ్యపేట వేసవి యెట్టిదో అచట నున్నవారికే తెలియును. వైశాఖమున 43, 44 డిగ్రీలు క్రొత్త కాదు. ఈ చలిదేశపు ప్రాణులకు 20 మొదలు 24 డిగ్రీలు హాయి. 30 దాటిన కష్టము. ఇంకను మించిన ప్రాణాపాయము. అందుచే ఇల్లు చూచుటలో తొలిప్రశ్న "పెట్టె యేది?" అని కాక "ఏ గదిలో నుంచెదము?" అని యుండవలెను. మిద్దెగదిలో నుంచిన రాజభవనము పొయ్యిమీది మూకుడే. మా యింట ఉత్తరపు గోడ నానుకొని, పైన మఱియొక అంతస్తు గల నడిమిగదిలో భోషాణము నుంచి, కిటికీకి వట్టివేళ్ల తడిక గట్టి తడుపుచుంటిమి. పఱుపులో ఒక మట్టిముంతను ప్రక్కకు వాల్చి పూడ్చితిని. అడుగున ఒక నాపరాతి పలక వేసితిని. మధ్యాహ్నవేళ అవి ఆ రాతిపై పొట్ట యానించి పఱచుకొని పడియుండెడివి. గడ్డకట్టించిన నీళ్లసీసాను గుడ్డచుట్టి జాలిపై నొకమూల నుంచితిని; చలువ నచ్చినచో అటు పోవును, నచ్చకున్న తొలగును. పంకాగాలిని గాని కూలరుగాలిని గాని సూటిగా తగులనీయలేదు. లోపల చిన్న ఉష్ణమాపకము వ్రేలాడదీసి, అమ్మాయిచే గంటగంటకు వ్రాయించితిని. ఒకనాటి మధ్యాహ్నము కరెంటు మూడుగంటలు పోయి, ఉష్ణమాపకము 33 దాటెను. చిన్నది ప్రక్కకు వాలి త్వరత్వరగా ఊపిరి తీయుచుండెను. వెంటనే దానిని చల్లని నాపరాతిపైకి మార్చి, చెవులకు, పాదములకు తడిగుడ్డ యద్ది, నోటికడ నీటిబొట్టు పెట్టితిమి. మంచునీట ముంచరాదు, ఆ యదటు గుండె కోర్వలేదు. సాయంకాలమునకు లేచి గింజ నందుకొన్నది. ఆ దినము ఇంటిల్లిపాదిలో ఎవరును సరిగా భోజనము చేయలేదు. "ఎలుకల కాపురము" అని నవ్విన అత్తగారు సయితము.

జ్యేష్ఠమాసమున మావారికి నందిగామకు బదిలీ యయ్యెను. దూరము సుమారు 30 కిలోమీటర్లే గాని ఇల్లు మాఱుట ఇల్లు మాఱుటయే. నందిగామలో రెండిండ్లు చూచితిమి. ఒకటి పెద్దవీథిలో మేడ. పాలరాతి నేల, ముందు బాల్కనీ, చుట్టముల కెదుట గొప్పగా నుండును. కాని వంటయింటికి పడమటి యెండ, కిటికీ లేదు. రెండవది సందులోనిది, క్రిందిభాగము, గోడల సున్నము పాతది. పెరటిలో వేపచెట్టు, వంటగదికి రెండువైపుల గాలి, నాలుగడుగుల అరుగు. మావారి మిత్రులందఱు మేడయే మేలనిరి. అపుడు నేను, "ఆ ఇంటిని వచ్చేపోయేవాళ్లు చూస్తారు, అందులో ఉండేది నేను, మీ అమ్మగారు" అని మెల్లగా అంటిని. వారు కొంతసేపు మాటాడక, పిదప నవ్వి, "భోషాణానికి ఇచ్చిన న్యాయం నీకు ఇవ్వకపోతే ఎలా?" అని సందులోని యింటికే బయానా యిచ్చిరి. అరు గెత్తుగా నుండుట కూడ నేను చూచిన సంగతియే. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట గురిసిన వానలకు మున్నేరు పొంగి, ఐతవరమువద్ద నీరు హైదరాబాదు రహదారి నెక్కి రాకపోకల నాపినది మఱువరానిది. జగ్గయ్యపేటలో ఇండ్లలోనికి నీరు వచ్చిన దినము లవి. పెట్టెలో నున్న ప్రాణి ఈదిపోలేదు. కావున భోషాణమును క్రొత్తయింట ఇటుకలు పేర్చి మూడడుగుల యెత్తున నుంచితిమి. ఎత్తునకు వేఱొక లాభము కూడ గలదు: పెరటి పందికొక్కు సులభముగా అందుకొనజాలదు.

జత సంగతి చివర జెప్పుచున్నాను, ఏలయన కష్టమైన దదియే. సిరియాజాతివి ఎదిగినపిదప ఒంటరిగానే యుండవలెను. మఱుగుజ్జులలో ఒక్కకానుపువి, ఒకే లింగమువి, కొన్నియెడల కలిసి యుండును. ఆడు మగ జతను దెచ్చినయెడల 18 మొదలు 20 దినములకే పిల్లలు; కానుపైన తోడనే మరల కడుపు. కాంబెల్‌జాతిలో తండ్రి పురుడు పోసి, పిల్లలను తుడిచి శుభ్రపఱచునని 2000 సంవత్సరమున శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వినుటకు ముచ్చటయే గాని, ఆ పిల్లలకందఱకు ఇండ్లెక్కడ తేగలము? జత నుంచునపుడు ప్రతివస్తువు రెండేసి యుండవలెను: రెండు చక్రములు, రెండు గిన్నెలు, రెండు గూళ్లు. ప్రతిగూటికి రెండు ద్వారము లుండవలెను. ఒకటి తఱిమిన రెండవది తప్పించుకొనవలదా? హిరణ్యకుడు నూఱుద్వారముల బిలమున వసించెనని చెప్పిన కవి ఎలుకల మనసు నెఱిగినవాడు. ఇన్ని చేసినను పొసగకపోవచ్చును గనుక రెండవ యిల్లు మొదటినుండియే సిద్ధముగా నుండవలెను. నేను జగ్గయ్యపేటలోనే పెద్ద ప్లాస్టికుపెట్టె నొకటి జాలిమూతతో సిద్ధపఱచి యుంచితిని.

శ్రావణమాసమున ఒకరాత్రి కీచుమను అఱుపు వినవచ్చెను. అప్పుడప్పుడు తఱుముకొనుట, మీద నెక్కుట సామాన్యమే. కాని ఈమాఱు చిన్నదాని చెవి చివర రక్తము. పెద్దది దానిని గిన్నెయొద్దకు రానీయక కావలి కూర్చున్నది. ఆ రాత్రియే వేఱుచేసితిని. అమ్మాయి యేడ్చి, "అన్నదమ్ములు కదమ్మా, విడదీస్తే బెంగపెట్టుకోవా?" అనెను. దానికి బదులు మా అత్తగారు చెప్పిరి. "నేనూ మా తోడికోడలూ ఒక పొయ్యి దగ్గర పదేళ్లు పోట్లాడుకొన్నామే పిల్లా. రెండు పొయ్యిలు పెట్టుకొన్న మర్నాటి నుంచి ఆవిడ వండిన కూర నాకు రాని రోజు లేదు. గోడ పెట్టడం విడదీయడం కాదు. ఉన్న ప్రేమ పోకుండా చూసుకోవడం." అమ్మాయి కన్నీరు తుడుచుకొని పాతగూటి గడ్డిలో సగము తీసి క్రొత్తపెట్టెలో తానే పఱచెను. చెవిగాయము వారమునకు మానెను. మఱల గలుపవచ్చునా యని పిల్లలు అడుగుదురు. ఒకసారి రక్తము చూచిన జతను కలుపరాదు.

వీని ఆయుస్సు రమారమి రెండేండ్లు. అంత స్వల్పమైన జీవితమునకు ఇంత శ్రమ యేల యని కొందఱడిగిరి. స్వల్పమగుటచేతనే యని నా మనవి. మన కొక చెడ్డయింట గడచిన రెండేండ్లు జీవితములో నొక భాగము. వానికి అదియే జీవితము. 1960 నాటి జంతుహింసా నివారణచట్టము, ప్రాణి కదలుటకు తగిన పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరమున దానిని బంధించుటను నేరముగా బేర్కొన్నది. పెంపుడుజంతువుల దుకాణములకు 2018లో నిబంధనలు వచ్చినవి. కాని చట్టము మన నడిమిగదిలోనికి వచ్చి కొలత వేయదు. అచట కొలత వేయవలసినవారము మనమే.

కావున సోదరీమణులారా, మీ బిడ్డలు ఈ చిన్నిప్రాణులను కోరినయెడల, అంగడిలోని రంగుపంజరమును చూడకమునుపు ఈ ప్రశ్నలు వేసికొనుడు. త్రవ్వుటకు లోతున్నదా? దాగుటకు చీకటి యున్నదా? రాత్రి పరుగెత్తుటకు వెడల్పున్నదా? వైశాఖమధ్యాహ్నమున కరెంటు పోయినను చల్లగా నుండు గది మన కున్నదా? కలహించినచో రెండవ యిల్లున్నదా? అన్నిటికి ఔననగలిగిన, నిండుమనసుతో ఆహ్వానింపుడు. ఒక్కదానికి కాదని తోచినను బిడ్డను దగ్గఱ గూర్చుండబెట్టుకొని, వల దని నెమ్మదిగా చెప్పుడు. చోటు లేని యింటికి అతిథిని బిలువకుండుట కూడ అతిథిమర్యాదయే.